కొండను చదును చేశాకే గీత గీస్తారా?

గౌరవనీయులైన తెలుగు రాష్ట్రాల ఆర్కిటెక్టులకు, వారి డ్రాయింగుల మీద సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజినీర్లకు,

బహ్రెయిన్ రాజధాని మనామాలోని హూరా పేట నుంచి రాస్తున్నాను.

"ముందు సైటు లెవెల్ చేయించేయండి సార్, డ్రాయింగు సంగతి తర్వాత చూద్దాం." మీలో ఒకరు మా బిల్డింగులో ఉండే మిత్రుడికి ఫోనులో చెప్పిన మాట ఇది. ఆ మిత్రుడు హైదరాబాదు పడమటి వైపున, చెరువులోకి దిగే గుట్ట వాలు మీద స్థలం కొన్నాడు. అమ్మానాన్నలు, తాను, భార్య, ఇద్దరు పిల్లలు ఉండటానికి ఇల్లు గీసిమ్మన్నాడు. వాలు ఎంత, బండ ఎక్కడుంది, వాననీళ్లు ఏ పక్కగా దిగుతాయి, కింద ఎవరుంటారు అని ఒక్క ప్రశ్న కూడా రాలేదు. చదును చేయించమన్న సలహా మాత్రం వెంటనే వచ్చింది. దాంతో పాటు చెరువు వైపు నేల నుంచి పైకప్పు దాకా అద్దమున్న బొమ్మ ఒకటి వాట్సాప్‌లో దిగింది.

ఇది ఒక్కరి మాటే అయితే ఆయనకే ఉత్తరం రాసి ఊరుకునేవాణ్ని. ఇక్కడి హోటళ్లలో హైదరాబాదు ప్రాపర్టీ షోలు జరిగినప్పుడల్లా అదే మాట వేరే వేరే గొంతుల్లో వింటున్నాను. 'లేక్ వ్యూ' కావాలి, 'హిల్ టాప్' కావాలి, కానీ గుట్ట మాత్రం అక్కర్లేదు. గుట్టను కొని, గుట్టను తీసేసి, గుట్ట మీద ఉన్నామని చెప్పుకునే ఇళ్లు గీయడం మీకు ఎలా ఒప్పుతోంది?

నా వృత్తి సర్వే. సైట్ల మీద లెవెల్ మిషను, స్టాఫు పట్టుకుని కొలతలు తీసే పని. నేనుండే చోట వాలు అనేది డ్రైనేజీ పైపుకి మేం లెక్కగట్టి పెట్టేదే తప్ప నేలకు ఉండదు. ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన కొండ జబల్ దుఖాన్ 134 మీటర్లు. హూరా పక్క నుంచి పోయే అల్ ఫతేహ్ హైవే ఒకప్పటి సముద్రం మీద పోసిన నేల. ఇక్కడివాళ్లకు చదును నేల తప్ప ఇంకోటి తెలియదు, చాలనిచోట సముద్రాన్నే పూడ్చుకున్నారు. వాళ్లు అలా చేయడం నాకు అర్థమవుతుంది. ఏడాదంతా కలిపి వంద మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట చదునుకు ఒక న్యాయం ఉంది, అయినా పెద్ద వాన ఒకటి పడితే ఇక్కడి రోడ్లు గంటలకొద్దీ చెరువులైపోతాయి. మరి 2020 అక్టోబరులో ఒక్క రోజులోనే కొన్నిచోట్ల వాన 30 సెంటీమీటర్లు దాటిన హైదరాబాదులో, 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు మీద, మీకు ఇదే బుద్ధి ఎందుకు పుడుతోంది?

లెక్క చూద్దాం, లెక్కంటే మీకూ నాకూ ఇష్టమే కదా. నలభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు ఉన్న స్థలం, అంటే 267 గజాలు. పై నుంచి కిందికి ఇరవై అడుగులు దిగుతుందనుకుందాం. సెట్‌బ్యాకుల గొడవ కాసేపు పక్కన పెడదాం. కింది అంచు మట్టానికి మొత్తం చదును చేస్తే తవ్వాల్సింది 24,000 ఘనపుటడుగులు. పెద్ద టిప్పరుకు 350 పట్టినా డెబ్బై ట్రిప్పులు. తవ్విన మొరం, పగిలిన రాయి ఉబ్బుతాయి కాబట్టి వంద దగ్గరికి పోతుంది. ఆ వంద టిప్పర్లు ఎక్కడ పోస్తారు? చాలాసార్లు ఇంకో చెరువు శిఖంలోనే పోస్తారని మీకు తెలుసు, నాకూ తెలుసు.

అదే స్థలాన్ని ఇరవయ్యేసి అడుగుల లోతున్న మూడు మెట్లుగా చేసి, ప్రతి మెట్టులో వెనక సగం తవ్వి ముందు సగంలో పోస్తే తవ్వేది మొత్తం 2,000 ఘనపుటడుగులు. పన్నెండో వంతు. ఒక్క టిప్పరు కూడా గేటు దాటి బయటికి పోనక్కర్లేదు. ఇక గోడ సంగతి. చదును చేసిన స్థలం వెనక ఇరవై అడుగుల నిలువు కోత నిలబడుతుంది, మెట్లు చేసినచోట ఒక్కో మెట్టు ఏడడుగుల లోపే. ఎత్తు మూడింతలైతే వెనక మట్టి తోపు తొమ్మిదింతలు, గోడను పడదోసే బలం ఇరవై ఏడింతలు. ఇది మీరు మూడో సంవత్సరం చదువులో పరీక్ష రాసి పాసైన విషయమే. దానికి తోడు వెనక నీళ్లు నిలిస్తే ఏ లెక్కా నిలవదు. గోడ వెనక కంకర పొర, అడుగున చిల్లుల పైపు, గోడలో నీళ్లు బయటికి పోయే వీప్ హోల్స్ పెట్టడం పెద్ద ఖర్చేం కాదు. కొండ ప్రాంతాల రిటైనింగ్ గోడల కోసం ఐఎస్ 14458 అని ప్రత్యేకంగా ఒక మార్గదర్శి ఉంది. మీ ఆఫీసు బీరువాలో అది ఉందా?

"మాది రాతి నేల, దానికి గోడ కూడా అక్కర్లేదు" అనేవాళ్లూ మీలో ఉన్నారు. హైదరాబాదు గుట్టలు ఒకే ముక్క రాయి అయితే ఆ మాట చెల్లేది. బండ పొరలు పొరలుగా విడిపోయి ఉంటుంది, పొరల మధ్య కుళ్లిన మొరం, ఆ మొరంలో ఇరుక్కుని గుండ్లు. కింద మొరం తవ్వేస్తే పైన గుండు దేని మీద ఆగుతుంది? బ్లాస్టింగు చేస్తే పక్కవాడి గోడ పగలడం కనబడుతుంది, పొరల సందులు విచ్చుకోవడం కనబడదు. మూడో వానాకాలానికో నాలుగో వానాకాలానికో ఆ సందుల్లోంచి నీళ్లు వస్తాయి, అప్పటికి మీ ఫీజు చివరి విడత కూడా అంది ఉంటుంది. ఉలీ సమ్మెటలతో రాయి పొర చూసి విప్పగల వడ్డెర పనివాళ్లు ఇంకా ఉన్నారు. మీ అంచనా పట్టికలో వాళ్లకు ఒక వరుస ఉంటుందా?

వాలు మీద ఇంటికి ఒక్క యజమానే ఉండడు. పైన కట్టేవాడి ప్రతి నిర్ణయం కిందివాడి నెత్తి మీద ఉంటుంది. 2020 అక్టోబరు 13 రాత్రి బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గుట్ట మీది గోడ, గుండ్లతో సహా కింది ఇళ్ల మీద పడి పసిబిడ్డతో సహా పలువురు చనిపోయారు. 2024 మే 7న బాచుపల్లిలో కడుతున్న అపార్టుమెంటు రిటైనింగ్ గోడ కూలి, దాని పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్న ఏడుగురు పోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పనికొచ్చిన కుటుంబాలవి, పోయినవాళ్లలో నాలుగేళ్ల పిల్లవాడున్నాడు. అదే ఏడాది ఆగస్టు 31న విజయవాడ మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్లో కొండచరియ ఇళ్ల మీదికి జారి ప్రాణాలు పోయాయి. మూడు చోట్లా కారణాలు ఒకటేనని నేననను. చనిపోయిన ప్రతి మనిషీ కింద ఉన్నవాడే అన్నది మాత్రం మూడింటికీ ఒకటే. మీ డ్రాయింగుల్లో కింద ఉన్నవాడు ఎక్కడున్నాడు? మీరిచ్చే సెక్షన్ బొమ్మలో గీత మీ క్లయింటు ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత తెల్ల కాగితం. తెల్ల కాగితంలో ఉన్నవాళ్లే కదా బాచుపల్లిలో పోయింది?

ఇక చెరువు. దుర్గం చెరువునే తీసుకుందాం, ఎందుకంటే మీ బ్రోషర్లన్నిటికీ ఆదర్శం అదే. గుట్టల మధ్య దాగి ఉండి ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీళ్లిచ్చిన చెరువు అది. 2020 సెప్టెంబరులో తీగల వంతెన వచ్చాక అందరికీ దాని మీద ప్రేమ పుట్టింది. 2024 ఆగస్టులో శేరిలింగంపల్లి రెవెన్యూ అధికారులు దాని చుట్టుపక్కల కాలనీల్లో రెండు వందలకు పైగా ఇళ్లకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) పరిధిలో ఉన్నాయంటూ, నీరు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద నోటీసులు అంటించారు. అందులో ముఖ్యమంత్రి సోదరుడి ఇల్లు కూడా ఉందని పత్రికలన్నీ రాశాయి. ఆ ఎఫ్‌టీఎల్ గీత సరైనదా కాదా అన్నది ఇప్పుడు నా వాదన కాదు. ఆ రెండు వందల ఇళ్లలో ఎన్నింటికి మీలో ఎవరో ఒకరు ప్లాను గీసి ఉంటారు? అప్పుడు ఎఫ్‌టీఎల్ ఎక్కడుందని అడిగినవాళ్లెంతమంది? నోటీసు గోడ మీద అంటుకున్న రోజున "క్లయింటు చూపించిన కాగితాలు నమ్మాం" అనడం వకీలుకు చెల్లవచ్చు. నేల మీద నిలబడి గీయాల్సిన మీకు చెల్లుతుందా?

ఎఫ్‌టీఎల్ ఒక ఎత్తు. చెరువు నిండుగా అలుగు పారేటప్పుడు నీళ్లు నిలిచే మట్టం. 2012 నాటి 168వ జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ గీత నుంచి 30 మీటర్ల దాకా కట్టకూడదు. మైదానంలో 30 మీటర్లంటే కొంత దూరమే. మన లెక్కలోని వాలు మీద, మూడడుగులకు ఒక అడుగు చొప్పున, 30 మీటర్ల అవతలికి వెళ్లేసరికి మీరు నీటి మట్టానికి పది మీటర్ల పైన ఉంటారు. ముప్పై ఒకటో మీటరు దగ్గర కట్టినవాడు చట్టం ముందు నిర్దోషి. వాడు తవ్విన మట్టి, వాడి ఇంటి పైకప్పు నీళ్లు, వాడి కారు కడిగిన నూనె మరక మాత్రం ఆ ముప్పై మీటర్లనీ క్షణాల్లో దిగి చెరువులో కలుస్తాయి. అంటే నిబంధన మైదానాన్ని చూసి రాసింది, మీరు గీస్తున్నది కొండ మీద. ఆ ఖాళీని పూరించాల్సింది ఎవరు? తహసీల్దారా?

మురుగు సంగతి ఇంకా ఘోరం. రోడ్డు పైన ఉండి ఇల్లు కిందికి దిగితే, రోడ్డులోని డ్రైనేజీ పైపు మీ కింది అంతస్తు బాత్‌రూము కన్నా ఎత్తులో ఉంటుంది. నీళ్లు పైకి పారవు. సంపు, పంపు, దానికో జనరేటరు కావాలి, లేదా స్నానపు గదులన్నీ రోడ్డు మట్టంలోనే పెట్టాలి. ఇది ప్లాను మొదటి రోజున తేల్చాల్సిన విషయం. మీరు తేల్చకపోతే ప్లంబరు తేలుస్తాడు, ఒక పైపు ముక్కతో, రాత్రిపూట, చెరువు వైపు. దుర్గం చెరువు ఒడ్డున మురుగు శుద్ధి కేంద్రాలు జనం డబ్బుతో కట్టాల్సి వచ్చింది. గుర్రపుడెక్క తీయించడానికి ఏటా మళ్లీ జనం డబ్బే. మీ క్లయింటు కిటికీలోంచి చూసే అందానికి పన్ను కడుతున్నది ఆ చెరువును ఎన్నడూ చూడని మనిషి.

"క్లయింటే అలా అడుగుతాడు, మేమేం చేస్తాం?" అంటారు. క్లయింటు అడిగేది ఇల్లు. దాన్ని ఎలా అడగాలో నేర్పించాల్సింది మీరు. మా మిత్రుడికి కావాల్సిందేమిటో చూడండి. తల్లిదండ్రులకు మోకాళ్ల నొప్పులు. రోడ్డు పైనుంది కాబట్టి రోడ్డు మట్టంలోనే వాళ్ల గది, వంటిల్లు, పూజగది, హాలు పెడితే వాళ్లు రోజంతా ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కర్లేదు. పదమూడు మెట్లు దిగితే పిల్లల గదులు, ఇంకో పదమూడు దిగితే చెరువు వైపు లోతైన వసారా. రేపు లిఫ్టు కావాలంటే దానికి జాగా ఇప్పుడే వదలొచ్చు. మైదానంలో ఇలాంటి ఇల్లు రానే రాదు, అక్కడ పెద్దవాళ్లను కింద పెట్టి పిల్లలను నెత్తిమీద పెట్టడమే. వాలు ఇచ్చే ఈ వరాన్ని ప్రొక్లెయినర్‌తో ఎత్తి పోయించి, ఆ తర్వాత మళ్లీ నాలుగంతస్తులు నిలబెట్టి, అందులో ముసలివాళ్ల కోసం లిఫ్టు పెట్టడం ఏ రకం ఆధునికత?

అద్దం గురించి కూడా ఒక మాట. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45 వైపు నుంచి దుర్గం చెరువు కనబడేది పడమర దిక్కున. ఏప్రిల్ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ అద్దాల గోడ వెనక కూర్చుని చూడండి. గల్ఫులో కరెంటు చవక కాబట్టి అద్దాల మేడలు నడుస్తున్నాయి. ఇక్కడి పాతకాలపు మనుషులు అలా కట్టలేదు. ముహర్రక్‌లో షేక్ ఈసా బిన్ అలీ ఇంటికి వెళ్తే మందపాటి గోడలు, నడుమ ముంగిలి, గాలిని కిందికి దించే గోపురం కనబడతాయి. మేం వదిలించుకోవాలని చూస్తున్నదాన్ని మీరు దిగుమతి చేసుకుంటున్నారు.

వాస్తు అడ్డమొస్తుందని ఇంకొందరు. నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలని మీరే చెబుతారు. ఆ వాలున్న స్థలం దేవుడిచ్చిన వాస్తు, దాన్నీ చదును చేస్తారు! అది లేని స్థలంలో మట్టి పోసి తెప్పిస్తారు. చెరువు ఒక్కటి, దాని చుట్టూ నాలుగు దిక్కులా ఇళ్లు. అందరికీ ఈశాన్యంలోనే నీళ్లుండాలంటే చెరువు ఎటని జరుగుతుంది?

చేసి చూపించినవాళ్లు లేరా? తిరువనంతపురం నాలంచిరలో లారీ బేకర్ తన సొంత ఇల్లు నిటారైన రాతి వాలు మీదే కట్టుకున్నాడు. రాయి ఎటు పోతే ఇల్లు అటు పోయింది, చెట్టు ఉన్నచోట గోడ పక్కకు తప్పుకుంది. అంతకుముందు ఏళ్లకు ఏళ్లు పిథోరాగఢ్ కొండల్లో బతికి వచ్చినవాడాయన, వాలుతో తగువు పెట్టుకోవడం దండగని తెలుసు. శ్రీలంకలో జెఫ్రీ బావా 1994లో తెరిచిన కండలమ హోటలు కొండ చరియకు ఆనుకుని చెరువు వైపు చూస్తుంది, లోపల నడవాల్లోకి బండలు వచ్చి నిలబడి ఉంటాయి. ఇద్దరివీ మీరు కాలేజీలో చూసిన బొమ్మలే. ఇక ఫాలింగ్‌వాటర్ పేరు చెప్పి గాలిలోకి పది అడుగుల స్లాబు తోసేవాళ్లకు ఒక గుర్తు. ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఆ ఇంటి స్లాబులు కూడా కుంగాయి, 2002లో ఉక్కు తీగలు బిగించి నిలబెట్టుకున్నారు. రైటంతటివాడి స్లాబే కుంగింది.

హైదరాబాదులోనే 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు ఈ గుండ్ల కోసం పోరుతున్నారు. వాళ్లలో ఎక్కువమంది మామూలు పౌరులు. రాళ్లను ప్రేమించమని పౌరులు చెప్పాల్సి వస్తోందంటే, రాళ్ల మీద బతికే వృత్తి ఏం చేస్తున్నట్టు?

మీ బాధ్యత నేను కల్పించింది కాదు. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద 1989లో వచ్చిన ప్రవర్తనా నియమాలు, పరిసరాల నాణ్యతకూ సమాజం రేపటి మేలుకూ తోడ్పడాల్సిన బాధ్యతకు మీ వృత్తి అడ్డురాకూడదని చెబుతున్నాయి. ఆర్కిటెక్టు అన్న పేరును ఇంకెవరూ వాడుకోకుండా ఆ చట్టం మీకు కాపలా కాస్తోంది. ఆ కాపలాకు బదులుగా అడిగింది ఈ కాస్తే.

దానికి తోడు తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు దాటని ఇంటికి స్వీయ ధ్రువీకరణతోనే వెంటనే అనుమతి ఇస్తోంది. లంచాలు తగ్గడానికి మంచి పద్ధతే, నేను కాదనను. కానీ వాలు మీద ఇంటి ఎత్తు ఎక్కడి నుంచి కొలుస్తారు? రోడ్డు మీద నిలబడితే రెండంతస్తులు, చెరువు గట్టు మీద నిలబడితే నాలుగు. ఆ రెంటి మధ్యన దాక్కున్న ఇళ్లు మీకు తెలియనివా? అనుమతికి ముందు ప్రభుత్వం వచ్చి చూడదు కాబట్టి, ముందుగా స్థలం చూడగలిగిన ఆఖరి మనిషి మీరే. చూడకుండా సంతకం పెడితే ఇక చూసేది ప్రమాదం జరిగాక వచ్చే పోలీసులు.

అందుకని అడుగుతున్నాను. కాంటూర్ సర్వే లేనిదే వాలు స్థలానికి గీత గీయబోమని మీరంతా ఒక్క మాట మీద నిలబడలేరా? రెండు రోజుల పని అది, మీ ఎలివేషన్ త్రీడీ బొమ్మకయ్యే ఖర్చు కూడా కాదు. ప్రతి డ్రాయింగుల కట్టలో రోడ్డు నుంచి నీటి అంచు దాకా ఒక సెక్షన్ గీసి, అందులో పైవాడి పునాది, కిందివాడి కప్పు, ఎఫ్‌టీఎల్ గీత, వాననీళ్ల దారి చూపించలేరా? కోత ఎంతకన్నా లోతుంటే ఆ పని ఒప్పుకోమో మీ సంఘాలే ఒక అంకె వేసి పత్రికలకు ఇవ్వలేవా? ఆ అంకె ఎంతన్నది మీరే తేల్చండి, నేను కొలిచేవాణ్నే తప్ప తేల్చేవాణ్ని కాదు. ఒకరు కాదంటే క్లయింటు ఇంకొకరి దగ్గరికి పోతాడన్నది నిజమే. అందుకే ఈ ఉత్తరం ఒకరికి కాకుండా అందరికీ రాస్తున్నాను.

దీనికి కొత్త జీవో అక్కర్లేదు, మంత్రిగారి అపాయింట్‌మెంటు అక్కర్లేదు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాఖల్లో ఒక్క సమావేశం చాలు. వచ్చే వానాకాలం లోపు అది జరుగుతుందా, లేదా? జరగదంటే ఎందుకు జరగదో కారణం కూడా బహిరంగంగానే రాయండి. గల్ఫులో మా కష్టార్జితాన్ని ఇళ్లలో పోస్తున్న మాకూ, ఆ ఇళ్ల కింద నిద్రపోయేవాళ్లకూ ఆ జవాబు చదివే హక్కుంది.

ఇట్లు,
హూరా నుంచి ఒక ప్రవాస తెలుగు సర్వేయరు